పలక పక్కన పలక

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వెనక వేపచెట్టు కింద నిలబడి ఇంకా కబుర్లు చెప్పుకుంటున్న మా 1979 బ్యాచ్ వాళ్ళకు నమస్కారాలు. వాళ్ళు అప్పుడూ అక్కడే ఉండేవాళ్ళు, మాస్టర్లకు తెలుసు.

రెండు నెలల కిందట మన కార్యదర్శి ఫోన్ చేశాడు. "బ్యాంకు నుంచి రిటైరయ్యావు గదా, ఇప్పుడేం చేస్తున్నావో అదే మాట్లాడు, పదిహేను నిమిషాలు" అన్నాడు. ఆట ఆడుతున్నానన్నాను. క్యారమ్సా అన్నాడు. కాదు, కంప్యూటర్లో అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత "సరే, ఆరోగ్యం గురించి కూడా రెండు మాటలు కలుపు" అన్నాడు. కలుపుతాను. నేను చెప్పబోయేదాంట్లో ఆరోగ్యం ఉంది, లెక్కలున్నాయి, మన మార్కాపురం రాయి ఉంది. చివర సంఘానికి ఒక విన్నపం ఉంది. అది వినేదాకా భోజనాలకు లేవొద్దని మనవి.

కంప్యూటర్ ఆట అనగానే ఇక్కడున్న టీచర్ల మొహాలు మారాయి. మీ భయం నాకు తెలుసు. ఫోన్లో రమ్మీ ఆడి జీతాలు పోగొట్టుకున్నవాళ్ళను బ్యాంకు కౌంటరు ఇవతల నుంచి నేనూ చూశాను. మన రాష్ట్రంలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించింది ఊరికే కాదు. నేను ఆడేదానికి డబ్బుతో పని లేదు. అవతల ప్రత్యర్థి లేడు. గడియారం లేదు. కాల్పులు లేవు. మధ్యలో లేచి టీ తాగి వచ్చినా ఎక్కడిదక్కడే ఉంటుంది. అలాగని పిల్లలకు ఇవ్వమని చెప్పను. పిల్లలకు గ్రౌండు ఉంది. అరవై దాటినవాళ్ళ సంగతి నేను చెబుతున్నది.

ఆట పేరు డోర్ఫ్‌రొమాంటిక్. జర్మన్ మాట. డోర్ఫ్ అంటే పల్లె. బెర్లిన్‌లో నలుగురు విద్యార్థులు కలిసి తయారుచేశారు. 2021లో ముందు రూపం, 2022లో పూర్తి ఆట వచ్చాయి. తర్వాత దాన్నే అట్టముక్కలతో బల్ల మీద ఆడే ఆటగా కూడా చేస్తే, 2023లో దానికి జర్మనీలో ఆ ఏటి ఉత్తమ ఆట బహుమతి వచ్చింది. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ ఇక్కడ వదిలేసి వెళ్ళాడు. అందులో ఉంది ఇది.

ఎలా ఆడతారో చెబుతాను, రెండు నిమిషాలు. తెర మీద ఖాళీ నేల. మధ్యలో ఒకే ఒక్క పలక, ఆరు అంచులది, తేనెపట్టులో గదిలాంటిది. ఇంగ్లీషులో టైల్ అంటారు. నేను పలక అనే అంటాను, ఈ ఊళ్ళో పుట్టి ఇంకో మాట వాడటం ఎందుకు? పక్కన పలకల దొంతర ఉంటుంది. పైనున్న పలక తీసుకుని, కావలసినట్టు తిప్పుకుని, అంతకుముందు పెట్టినవాటిలో ఏదో ఒకదానికి ఆనించి పెట్టాలి. పలక ఒక్కో అంచు మీద ఒక్కోటి గీసి ఉంటుంది. అడవి, చేను, ఇళ్ళు, గడ్డి, ఏరు, రైలుపట్టా. అడవి పక్కన అడవి, చేను పక్కన చేను వస్తే అంచుకు పది మార్కులు. కలవకపోయినా పెట్టనిస్తుంది, మార్కులు రావంతే. ఏరుకూ పట్టాలకూ మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఏరు ఏటితోనే కలవాలి, పట్టా పట్టాతోనే కలవాలి. ఒక పలకకు ఆరు వైపులా ఆరూ కుదిరితే దొంతరలో ఇంకో పలక చేరుతుంది. కొన్ని పలకలు మనల్ని అడుగుతాయి కూడా, ఈ అడవిలో ఇన్ని చెట్లు కావాలి, ఈ ఊళ్ళో ఇన్ని ఇళ్ళు కావాలి అని. అది తీరిస్తే మరికొన్ని పలకలు. దొంతర అయిపోతే ఆట అయిపోయింది.

అంతే. ఓడటం అనేది లేదు. మీరు వేసిన ఊరు మీ కళ్ళ ముందు ఉంటుంది, కాసేపు చూసుకోవచ్చు. ఆ ఊళ్ళో చింతచెట్టు ఉండదు, కంపచెట్లు ఉండవు, బర్రెలు కనపడవు. గాలిమరలు, ఎర్రకప్పుల ఇళ్ళు, అంతా ఆ దేశపు పల్లె. ఆ మాత్రం లోటు ఉంది.

ఇలాంటి పలకల ఆట కొత్తదేం కాదు. ఫ్రాన్సులో ఉన్న కార్కసోన్ అనే కోట ఊరి పేరుతో 2000లో ఒక జర్మన్ మ్యూజిక్ టీచరు చేసిన ఆట ఉంది, దాంట్లో 72 చదరపు పలకలు. మనకు డామినోలు తెలుసు. ఇంకా వెనక్కు వెళ్తే, మన ఏడు పెంకులాట ఉంది గదా, అందులో పెంకులు పేర్చడం చూడండి. బంతి తగిలించడంలో ఉన్న సంబరం అందరికీ గుర్తుంటుంది, వంకరటింకర పెంకుల్ని పడకుండా నిలబెట్టినవాడు ఎవరికీ గుర్తుండడు. మా వీధిలో ఆ పెంకులు కూడా పలకల కార్ఖానాల వెనక పారేసిన రాతిముక్కలే. పెద్దది కింద, చిన్నది పైన. ఆ పని మా అన్నది.

అన్న దగ్గరకు వస్తాను. ముందు లెక్కల మాస్టారి బాకీ తీర్చాలి.

ఎనిమిదో తరగతిలో మన లెక్కల మాస్టారు ఒక రోజు బోర్డు మీద అయిదు కోణాల బొమ్మ గీసి, "దీనితో మీ ఇంట్లో బండలు పరవగలరా?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. ఒక బిందువు దగ్గర బండల మూలలన్నీ కలిస్తే 360 డిగ్రీలు నిండాలి. సమబాహు త్రిభుజం మూల 60, ఆరు పెడితే నిండుతుంది. చదరం 90, నాలుగు పెడితే నిండుతుంది. షడ్భుజి 120, మూడు పెడితే నిండుతుంది. పంచభుజి మూల 108. మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది, నాలుగోది పట్టదు. అన్ని భుజాలూ, అన్ని కోణాలూ సమానంగా ఉండి, ఒకే రకం బండతో సందు లేకుండా నేల పరవాలంటే ఈ మూడు ఆకారాలే ఉన్నాయి, నాలుగోది లేదు. "తేనెటీగ ఏ బడికీ పోకుండా మూడోది పట్టుకుంది" అన్నారు. సమాన వైశాల్యం గల గదులుగా నేలను విభజించాలంటే అన్నిటికంటే తక్కువ గోడ పట్టేది షడ్భుజికే అని పూర్తిగా రుజువు కావడానికి 1999 దాకా పట్టింది. థామస్ హేల్స్ అనే ఆయన చేశారు. మాస్టారు మాకు చెప్పింది 1977లో. రుజువు రాకముందే ఆయనకు తేనెటీగ మీద నమ్మకం.

బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఏదైనా లెక్క వేయకుండా ఉండలేను. ఆరు అంచులు, అంచుకు ఆరు రకాలు అనుకుంటే ఎన్ని వేరువేరు పలకలు వస్తాయి? ఆరును ఆరుసార్లు గుణిస్తే 46,656. అయితే పలకను తిప్పితే వచ్చేది వేరే పలక కాదు. తిప్పినవాటిని ఒకటిగా లెక్కపెడితే 7,826 మిగులుతాయి. ఇక్కడున్న లెక్కల టీచర్లు సరిచూసుకోవచ్చు, 46,656ను ఆరుతో భాగిస్తే 7,776 వస్తుంది, మిగతా యాభై ఎక్కడి నుంచి వచ్చాయన్నది పిల్లలకు ఇవ్వదగ్గ ప్రశ్న. ఆట ఇవన్నీ వాడదు. కానీ ఎన్ని ఆడినా నిన్నటి ఊరు మళ్ళీ ఎందుకు రాదో దీంతో తెలుస్తుంది.

ఇంకో ముచ్చట. 1961లో హావో వాంగ్ అనే తర్కశాస్త్రవేత్త ఒక ప్రశ్న వేశాడు. అంచులకు రంగులున్న చదరపు పలకలు కొన్ని రకాలు ఇస్తే, రంగుకు రంగు కలుపుతూ వాటితో హద్దు లేని నేలంతా పరవగలమా లేదా అని ముందే తేల్చే పద్ధతి ఏదైనా ఉందా? అలాంటి పద్ధతి ఉండదని 1966లో ఆయన శిష్యుడు రాబర్ట్ బెర్జర్ రుజువు చేశాడు. ఏ పలకలిచ్చినా పనికొచ్చే ఒకే సూత్రం లేదన్నమాట.

2022లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో డేవిడ్ స్మిత్ అని ఒకాయన, ప్రింటింగ్ పని చేసి రిటైరైనవాడు, గణితంలో డిగ్రీలు లేనివాడు, సరదాగా ఆకారాలు వేసుకుంటూ ఒక పదమూడు భుజాల బొమ్మ కనిపెట్టాడు. టోపీలా ఉంటుందని దానికి టోపీ అనే పేరు. అట్టముక్కల మీద కత్తిరించి బల్ల మీద పేర్చి చూశాడు. సందు లేకుండా పరుచుకుపోతోంది, కానీ ఎంత పేర్చినా ఒకే అమరిక మళ్ళీ మళ్ళీ వచ్చే వరస పడటం లేదు. అలాంటి ఒక్క పలక ఉందా అని గణితజ్ఞులు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. ముగ్గురు పండితులు ఆయనతో కలిసి రుజువు రాస్తే 2023 మార్చిలో ప్రపంచానికి తెలిసింది. ఇది చదివినప్పుడు నాకు మా అన్న చేతులు గుర్తొచ్చాయి.

మా అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. 1972 జూన్‌లో ఈ బడిలో ఆరో తరగతిలో చేరాడు. మన తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి కొత్త జిల్లాలోకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ ఏడు వానలు లేవు. నాన్నకు బండ్లమీద రాయి తోలే పని, అదీ రోజూ లేదు. నవంబరు వచ్చేసరికి జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. బడులు మూతపడ్డాయి, ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు, నెలల తరబడి గంట మోగలేదు. పెద్దవాళ్ళు చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. "బడి తెరిచేదాకా ఊరికే తిరగడమెందుకు" అని నాన్న అన్నను పలకల కార్ఖానాకు తీసుకెళ్ళాడు. బడి తెరిచింది. అప్పటికి అన్న తెచ్చే డబ్బులకు ఇంట్లో లెక్క పడిపోయింది. తిరిగి రాలేదు.

ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు పలకల సంగతి నేను చెప్పక్కర్లేదు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మన రాతి మీద ఓనమాలు దిద్దారు. కానీ పలక ఎలా అవుతుందో ఈ బడిలో చదివినవాళ్ళలో చాలామందికి తెలియదు. నాకూ అన్న చెబితేనే తెలిసింది, అదీ ఈ మధ్యే. ఈ రాయి ఒకప్పటి బంకమట్టి. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ పొరలు పొరలుగా బిగుసుకుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసకు మన కంభం పేరే పెట్టారు. గని నుంచి తెచ్చిన దిమ్మను ఎండనివ్వకూడదు. చెమ్మ ఉండగానే విడదీయాలి, ఆరితే మొండికేస్తుంది. దిమ్మను నిలబెట్టి అంచు మీద పల్చటి ఉలి ఆనించి, సుత్తితో కొద్దికొద్దిగా తడుతూ పోతే పొర తెరుచుకుంటుంది. ఎప్పుడూ సరిగ్గా సగానికే చీల్చాలి. సగాన్ని మళ్ళీ సగం, దాన్ని మళ్ళీ సగం. పక్క నుంచి పల్చటి పొర ఒక్కటే లాగుదామనుకుంటే విరుగుతుంది. మంచి రాయి తడితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దు శబ్దం వస్తుంది. తర్వాత కొలతకు కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగిస్తారు. అన్న మొదట అరగదీసే చోట కూర్చున్నాడు. తర్వాత చీల్చేవాడయ్యాడు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి రాయి చూసి ఎన్ని పలకలు వస్తాయో చెప్పేవాడు.

1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చింది. దాని కింద దేశంలో మొదట ఎంచుకున్న పరిశ్రమల్లో మన రాష్ట్రానివి రెండున్నాయి. ఒకటి జగ్గంపేట టైళ్ళ పరిశ్రమ, రెండోది మార్కాపురం పలకల పరిశ్రమ. పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టారు. అప్పటికి అన్నకు ఇరవై ఆరేళ్ళు.

తర్వాత నోటుపుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, రాతిపలక వెనకబడింది. అదే రాయిని ఇప్పుడు గోడలకు, నేలకు టైళ్ళుగా కోసి విదేశాలకు పంపుతున్నారు. మనం దిద్దిన రాయి ఎక్కడో ఎవరింటి వరండాలోనో ఉంది. అన్న ఆ పనీ చేశాడు, మెషిన్ల మీద. చేత్తో చీల్చిన రోజుల కంటే మెషిన్ల రోజుల్లోనే దుమ్ము ఎక్కువట.

కార్యదర్శి అడిగిన ఆరోగ్యం ఇక్కడ వస్తుంది. అన్నకు సిలికోసిస్. రాతి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. ఆ మచ్చలను పోగొట్టే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసేవాళ్ళకు ఇదే జబ్బు, దాని మీద పరిశోధనలు జరిగాయి. పలక రాయించింది మనమే, బలపం అరగదీసింది మనమే, దుమ్ము మటుకు వాళ్ళకు. రాయి పని చేసినవాళ్ళు మీ బంధువుల్లో ఉంటే, దగ్గు తగ్గకపోతే, ఆయాసం వస్తుంటే, డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ముందు ఆ పని సంగతి చెప్పండి. చెప్పకపోతే టీబీ అనో ఆస్తమా అనో ఏళ్ళు గడిచిపోతాయి. మా ఇంట్లో అలాగే అయింది. రెండు ఊళ్ళు తిరిగాం, మూడోచోట ఒక డాక్టరు "ఏం పని చేసేవాడివి పెద్దాయనా?" అని అడిగాడు. అంతకుముందు ఎవరూ అడగలేదు.

రిటైరయ్యాక నేను ఊరికే వచ్చేశాను. అన్నా వదినా పక్క వాటాలోనే. రాత్రుళ్ళు అన్న పడుకోలేడు, దిండ్లు ఆనించుకుని కూర్చుంటాడు, పక్కన ఆక్సిజన్ మెషిన్ గుయ్యిమంటూ ఉంటుంది. వదిన పగలంతా చాకిరీ చేసి ఉంటుంది కాబట్టి రాత్రి కాపలా నాది. నిద్ర ఆపుకోవడానికి నేను ఈ ఆట తెరిచి కూర్చునేవాణ్ణి. మూడు రోజులు అన్న ఏం మాట్లాడకుండా చూశాడు. నాలుగో రోజు రాత్రి నేనొక పలక పెట్టబోతుంటే, "తొందరపడబాకరా. ఆ రాయి తిప్పు. ఇంకా తిప్పు. ఆ, ఇప్పుడు కూర్చుంటది" అన్నాడు.

కూర్చుంది. నాలుగు వైపులా.

మౌస్ అన్న చేతికిచ్చాను. మొదట బెరుకు, రెండు రోజుల్లో పోయింది. ఇక అప్పటి నుంచి ఆడేది ఆయన, చూసేది నేను. నాకు నాలుగు వేలు దాటడం గగనం. నేను మార్కులు చూసుకుంటాను, ఈ అంచుకు పది, ఆ అంచుకు పది అని. అన్న మార్కులవైపు చూడడు. ఎనిమిది వేలు దాటినప్పుడు నేనే చెప్పాలి. పలక చేతిలోకి రాకముందే, దొంతర మీద ఉండగానే, దాన్ని ఆరు రకాలుగా మనసులో తిప్పేస్తాడు. అడిగాను, ఎట్లా అని. "రాయిని చేత్తో తిప్పితే చెయ్యి నొప్పి పుడతదిరా, కంటితో తిప్పుకోవాల" అన్నాడు. ఆరువైపులా మూసుకుపోయిన సందును నేను వదిలేస్తాను, దానికి సరిపడేది రాదులే అని. అన్న వదలడు. యాభై పలకల తర్వాత వచ్చేదాని కోసం ఒక సందును గుర్తు పెట్టుకుని కూర్చుంటాడు. కుదరని పలకలను ఎక్కడ పెట్టాలో దానికీ ఒక పద్ధతి ఉంది. ఊరికి దూరంగా ఒక మూల వాటికోసం ఉంచుతాడు. "కార్ఖానా వెనక దిబ్బ" అంటాడు దాన్ని. తర్వాత ఆ దిబ్బ చుట్టూ కూడా ఏదో ఒకటి కుదిర్చి ఊళ్ళో కలిపేస్తాడు.

రైలుపట్టా పలక వస్తే మొహం వెలుగుతుంది. దాన్ని ఎప్పుడూ అడవిలోకే తీసుకుపోతాడు. "ఇది దిగువమెట్ట. ఇగ ఇక్కడ కొండలోకి దూరతది. చెలమ, బొగద... గాజులపల్లె కాడ బయటపడతది" అంటూ పలక మీద పలక పెడతాడు. మీటరుగేజి రోజుల్లో ఒక్కసారి ఆ బండెక్కి నంద్యాల వెళ్ళొచ్చాడు, అదే ఆయన చూసిన దూరదేశం. ఏటి పలకలు వరసగా వస్తే గుండ్లకమ్మ. నీళ్ళ పలకలు నాలుగైదు పక్కపక్కన పడితే కంభం చెరువు, రెండు కొండల మధ్య కట్ట. కట్ట కట్టించిన రాణమ్మ కథ కూడా చెబుతాడు, విజయనగరం కాలం నాటి వరదరాజమ్మ కథ, మా అమ్మ చెప్పినట్టే. బెర్లిన్‌లో ఆ నలుగురు కుర్రాళ్ళకు తెలియదు వాళ్ళ ఆటలో మన పడమటి ప్రకాశం ఉందని. గాలిమరల మీద మాత్రం అన్నకు కోపం. "ఇవెందుకురా, పశువులుండాల గానీ" అంటాడు.

ఆయాసం ఎక్కువైనప్పుడు చెయ్యి ఆపుతాడు. పలక గాలిలో అట్లా నిలబడి ఉంటుంది. పది నిమిషాలు, అరగంట. ఆట ఏమీ అనదు. ఇన్నేళ్ళలో ఆయన్ను తొందరపెట్టకుండా ఉన్న పని ఇదొక్కటే అని వదిన అంది. నాకీ ఆట మీద గౌరవం అక్కడ కలిగింది. మనసు తేలికవుతుందని ఇలాంటి ఆటల గురించి చెబుతారు. తేలికవుతుందన్నది నిజమే. కానీ పలకల దొంతర తరుగుతూ ఉంటుంది, అది తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, ఇద్దరమూ చూస్తూనే ఉంటాం. ఆరువైపులా కుదిరి ఒక పలక అదనంగా వస్తే అన్న నావైపు చూసి నవ్వుతాడు. "ఇంగొకటి ఇచ్చినాడు" అంటాడు.

ఇప్పుడు విన్నపం.

అన్న పనిచేసిన కార్ఖానాల్లో మొదటిది ఎప్పుడో మూతపడింది. అందులో కూలీల రిజిస్టరు ఉండేదో లేదో, ఉంటే ఏ చెదలపాలైందో. పని చేసినట్టు కాగితం కావాలని ఒక చోట అడిగితే ఇల్లంతా వెతికాం. ఏమీ లేదు. పోయిన నెల ఈ సంచిక పని మీద ప్రధానోపాధ్యాయుల వారి అనుమతితో మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తుంటే, 1972 జూన్ పేజీలో అన్న పేరు కనిపించింది. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాస్టారి గుండ్రటి చేతిరాత. చివరి గడిలో "దీర్ఘకాల గైర్హాజరు, పేరు తీసివేయడమైనది". అరవై ఏళ్ళు దాటిన మనిషి పేరు చిన్నతనంలో రాసిపెట్టిన పుస్తకం ఇదొక్కటే. ఫోటో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "పుట్టిన తేదీ తప్పురా" అన్నాడు.

ఆ పేజీలో అన్న ఒక్కడే కాదు. ఆ ఏడు ఆరో తరగతిలో చేరినవాళ్ళలో ఆ చివరి గడి నిండిన పేర్లు చాలా ఉన్నాయి. ఆ తర్వాతి పేజీల్లోనూ ఉన్నాయి. ఆడపిల్లల పేర్లు ఇంకా ఎక్కువ. మన సంఘం నియమావళిలో సభ్యత్వానికి అర్హత "పదో తరగతి పూర్తి చేసినవారు" అని ఉంది. యాభై ఏళ్ళ కిందట సంఘం పెట్టినవాళ్ళు ఏదో ఒక గీత గీయాలి కాబట్టి గీశారు, వాళ్ళను తప్పు పట్టను. నా ప్రతిపాదన, ఆ మాటను "ఈ బడి రిజిస్టరులో పేరున్నవారు" అని మార్చమని. ఒక్క రోజు చదివినా సరే. దీనికి ఖర్చేమీ లేదు. రెండోది, రిజిస్టర్లలో ఆ చివరి గడి నిండిన పేర్లన్నీ రాసుకుని, వాళ్ళలో ఎవరెవరు ఎక్కడున్నారో కనుక్కునే పనికి ఒక చిన్న కమిటీ వేయాలి. రాయి పని చేసినవాళ్ళుంటే వాళ్ళకు ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు పదకొండు మంది ఉన్నారు, నిన్న పరిచయాల్లో లెక్కపెట్టాను. బ్యాంకు పనులు, దరఖాస్తులు, కాగితాలు నేను చూసుకుంటాను, నాకు అదొక్కటే వచ్చు. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం వస్తుంది. మా బ్యాచ్ వాళ్ళు పదిహేను మంది సంతకాలు చేశారు. చెట్టు కింద ఉన్నవాళ్ళు ఇంకా చేయలేదు.

చివరిగా ఒక ప్రకటన. భోజనాలయ్యాక ఆరో తరగతి గదిలో లాప్‌టాప్ పెడుతున్నాం. అన్న వస్తాడు, ఆటోలో తీసుకొస్తున్నాం, ఆక్సిజన్ సిలిండరు కూడా వెంట ఉంటుంది కాబట్టి గదిలో గుంపు కట్టొద్దు, నలుగురైదుగురు చొప్పున రండి. ఆట నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నేర్పుతాడు. మార్కుల సంగతి అడగొద్దు, చెప్పడు. పలక తిప్పకుండా పెడితే మాత్రం తిడతాడు.